పెరటాశి శనివారం మురుగుకుంట దగ్గర

పెరటాశి నెల మూడో శనివారం పొద్దున, తిరుపతిలో ఏ ఇల్లాలైనా తలకు పోసుకుని, తడిబియ్యం దంచి, స్వామికి తళిగ వేసే పనిలో ఉంటుంది. అరిటాకులో పులిహోర, పొంగలి, వడపప్పు పెట్టి, పిండిదీపం వెలిగించి గోవిందలు కొట్టేదాకా ఇంట్లో ఎవరూ మెతుకు ముట్టరు. అలాంటి పొద్దున మునిలక్ష్మి ఖాళీ కడుపుతో, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, ఊరి పీతినీళ్ళన్నీ చేరే కుంటల దగ్గరికి షేర్ ఆటోలో పోతోంది. పక్కన కూతురు నందిని. ఇద్దరి కాళ్ళ మధ్య ఐసుడబ్బా. దాని నిండా ఖాళీ సీసాలు.

ఖాళీవే అని నందిని మళ్ళీ మళ్ళీ చెప్పింది. అయినా మునిలక్ష్మి కాళ్ళు ముడుచుకునే కూర్చుంది. ఇప్పుడు ఖాళీవైతే మాత్రం? పోయిన వారం వాటిలో ఏముండిందో ఆమెకు తెలియదా? ఆటో గుంతలో పడి ఎగిరినప్పుడల్లా డబ్బా మూత కిర్రుమనేది. ఆ మూత సందులోంచి కంటికి కనిపించనివి ఏవో పాక్కుంటూ వచ్చి తన చీర అంచు పట్టుకుంటున్నట్టు ఆమె ఒళ్ళు జలదరించేది.

నందిని యూనివర్సిటీలో ఎం.టెక్. చేస్తోంది. ఇంజనీరింగు అంటే వంతెనలు, మేడలు అనుకుంది మునిలక్ష్మి. కూతురు నెత్తిన తెల్లటి టోపీ పెట్టుకుని ఏ మేడ కిందో నిలబడి మేస్త్రీలకు పనులు చెబుతుందనుకుంది. ఆ మేడ కూలి కూతురి మీద పడుతుందేమో అని దానికి కూడా ముందే భయపడి, వారాలు లెక్కపెట్టి మొక్కుకుంది. ఇలాంటి చదువు ఒకటి ఉంటుందని ఎనిమిదో తరగతితో బడి మానేసిన ఆమెకు ఎట్లా తెలుస్తుంది? మురుగునీళ్ళలో బ్లీచింగు కలిపితే అందులోని క్రిములు ఎంతసేపట్లో ఎన్ని చస్తాయో ముందుగానే లెక్కగట్టి చెప్పే సూత్రం ఒకటి తయారు చెయ్యాలట. అదీ ప్రాజెక్టు. దానికోసం ఆడపిల్ల వారం వారం పోయి ఆ నీళ్ళు సీసాలకు పట్టుకుని రావాలట.

ఆ కబురు విన్న రోజు నుంచి మునిలక్ష్మికి తిండి సయించలేదు. పిల్ల కుంటలో జారి పడితే? ఈత రాదే. వచ్చినా అందులో ఎవరు ఈదుతారు? నోట్లోకి ఒక్క గుక్క పోతే చాలు, కామెర్లు. కాలికి గాజుపెంకు గుచ్చుకుంటే ధనుర్వాతం. ఏదీ కాకపోయినా ఆ గబ్బు వెంట్రుకల్లో ఇంకిపోయి, పదిమందిలో కూర్చున్నప్పుడు ఎవరైనా ముక్కు మూసుకుంటే? కూతురు ఇంటికి రాగానే చెప్పులు పుల్లతో నెట్టించేది. బట్టలు బకెట్‌లో వేయించి మరిగే నీళ్ళు పోసేది. అప్పటికీ నమ్మకం కుదరక పిల్ల చేతులు తన ముక్కు దగ్గరికి లాక్కుని వాసన చూసి, "థూ" అనేది.

పెరటాశికి ముందు, ఆవణి నెలలో మొగుడు గంగాధరానికి టైఫాయిడ్ వచ్చింది. లారీలకు బాడీలు కట్టే షెడ్డులో దూలాలు ఒంటిచేత్తో ఎత్తే మనిషి, మంచం దిగేసరికి పంచె నడుము మీద నిలవనంతగా చిక్కిపోయాడు. ఎక్కడినుంచి వచ్చింది ఆ జబ్బు? మునిలక్ష్మికి అనుమానమే లేదు. కూతురి గోళ్ళ సందున దూరి వచ్చింది.

నిన్న సాయంత్రం ఆ మాట అనేసింది.

"నీ సదువు మీ నాయన పానం మీదికి తెచ్చిండాది. ఇంక సాలు."

"రేపొక్క దినం మా," అంది నందిని. "శనివారం కొండకు జనం విరగబడి వస్తారు గదా. స్నానాలు, దొడ్లు అన్నీ ఈడనే. నీళ్ళు మామూలు కంటే జాస్తి వస్తాయి. నా లెక్క నిలబడతాదా లేదా అనేది అట్లాంటి దినమే తేలేది."

"తళిగేసే దినం పోయి పీతికుంట కాడ నిలబడతావా? కండ్లు పోతాయి!"

గంగాధరం రసమన్నం గిన్నె మీదికి వంగి, "కండ్లు పోతే పోనీలే, ముక్కు పోతే బాగుండు, ఆడ పనికొస్తాది," అన్నాడు.

"నువ్వు నోరు మూసుకుని తిను. సచ్చి బతికినోడివి." మునిలక్ష్మి కూతురి వైపు తిరిగింది. "రేపు నేనూ వస్తా. నా కండ్లతో సూస్తా. నాకు సరిపడలేదనుకో, సోమవారమే పోయి మీ సారుకు జెప్పి యేరేది తీసుకోవల్ల. సిమెంటో ఇసకో, ఏదో ఒకటి. ఒప్పుకుంటావా?"

నందిని చాలాసేపు పళ్ళెంలో వేలితో గీతలు గీసింది. ఆరు నెలల పని అది. చివరికి, "ఒప్పుకుంటా. తళిగేళకు వచ్చేద్దాం," అంది.

అంతలోనే వాకిట్లో ఆకుకూరల చెంగమ్మ కేక వినిపిస్తే మునిలక్ష్మి లేచి వెళ్ళింది. వడపప్పులోకి పచ్చి కొత్తిమీర కావాలి. ఆ వీధిలో ముగ్గురు నలుగురు ఆకు అమ్మేవాళ్ళు తిరుగుతారు గాని, మునిలక్ష్మి చెంగమ్మ దగ్గర తప్ప కొనదు. తక్కినవాళ్ళ కట్టల వేళ్ళకు మన్ను ఉంటుంది. చెంగమ్మ కట్టలు తళతళలాడుతుంటాయి. పైగా ముక్కు దగ్గర పెట్టుకుంటే సన్నగా బ్లీచింగు వాసన కూడా తగులుతుంది. కొళాయి నీళ్ళతో కడిగింది, శుభ్రమైన మనిషి అని మునిలక్ష్మికి గురి. మొగుడికి పథ్యం విడిచిన రోజు కూడా ఆ కొత్తిమీరతోనే పచ్చిగా రుబ్బి ఊరిబిండి పచ్చడి చేసిపెట్టింది. నిన్న కొన్న కట్టలు ఇప్పుడు వంటింట్లో తడిగుడ్డ కింద తళిగ కోసం ఎదురుచూస్తున్నాయి.

ఆటో దిగగానే గబ్బు మొహాన కొట్టింది. అది ఒక వాసన కాదు. కుళ్ళిన గుడ్డు, ఉచ్చ, పాచిపోయిన సాంబారు, సబ్బునీళ్ళు, చచ్చిన ఎలుక అన్నీ ఒకే నోటితో ఊదినట్టుంది. కొంగు మడతల్లోంచి కూడా నాలుక మీదికి దిగింది. మునిలక్ష్మి ఉమ్మి మింగడానికి భయపడి, నోటి నిండా ఊరిన ఉమ్మితోనే నడిచింది.

మొదటి కుంట మీద మీగడ కట్టినట్టు బూడిదరంగు తెట్టె. దాని మీద షాంపూ ప్యాకెట్లు, నిరోధ్‌లు, గుండు కొట్టించుకున్నవాళ్ళ వెంట్రుకల ముద్ద. బుడగ ఒకటి ఉబ్బి మెల్లగా పగిలింది. ఆ పగిలిన చోట నల్లటి కన్ను తెరుచుకున్నట్టయి మళ్ళీ మూసుకుంది. గట్టు మీద కొంగ ఒకటి తపస్సు చేస్తోంది.

"ఈ కుంటల్లో మురికి అడుక్కు దిగుతాది మా," అంటూ నందిని ముందు నడిచింది. "మనం పొయ్యేది ఆ కడాకు. కడపటి తొట్టి. ఆడనే బ్లీచింగు కలిపేది."

చివరి తొట్టి దగ్గర పనిచేసే ఖలీల్, తలకు తువ్వాలు చుట్టుకుని, డ్రమ్ములో బ్లీచింగు పొడి కలుపుతున్నాడు. మునిలక్ష్మిని చూసి తువ్వాలు విప్పి, "రాండమ్మా," అన్నాడు. "శనివారమని ఈ పొద్దు మందు జాస్తిగానే ఏసినాను. సూడండి ఎట్లా ఉండాదో గాటు! కండ్లల్లో నీళ్ళు రావల్ల."

వచ్చాయి. అక్కడికి వచ్చాక ఆ ఘాటు ఒక్కటే మునిలక్ష్మికి కాస్త ప్రాణం నిలబెట్టింది. కొంగు కొంచెం దించి, నోట్లోదంతా దూరంగా ఉమ్మి, ఊపిరి పీల్చుకుంది. బ్లీచింగు వాసన వస్తోందంటే శుభ్రం అన్నట్టే కదా. ఇంట్లో సంపుకూ, దొడ్డికీ ఆమె చేసేది అదే.

"ఇంత వాసనొస్తాంటే ఇంకేం క్రిములమే? అన్నీ సచ్చుంటాయి. ఇంకా నువ్వు పట్టేదేంది, కొలిచేదేంది?"

"వాసనుంటే మందు ఇంకా మిగిలుండాదని మాత్రమే మా. క్రిములు చచ్చినాయని కాదు." నందిని తొట్టిలోకి చూపించింది. తొట్టి నిండా అడ్డగోడలు. నీళ్ళు ఒక గోడ చివరిదాకా పోయి, తిరిగి రెండో గోడ వెంట వెనక్కి వచ్చి, మళ్ళీ తిరగాలి. "కొండ మీద సర్వదర్శనం క్యూ తెలుసు గదా. కమ్మీల మధ్య వంకరటింకరగా తిప్పతారు. కొంచెం చోట్లోనే అందురూ ఎక్కువసేపు నడవల్లని. ఇదీ అంతే. నీళ్ళు ఈ మూల దూరి, తిరిగి తిరిగి ఆ మూల గొట్టంలో పడతాయి. అంతసేపూ మందు పక్కనే నడిస్తేనే క్రిములు చచ్చేది."

స్వామి క్యూను, ఈ నీళ్ళనూ ఒకే నోటితో అన్నందుకు మునిలక్ష్మి కూతురి తరఫున కూడా లెంపలు వేసుకుంది. అయినా చెవి మాత్రం అటే ఉంది.

"మందు ఇంకా పోస్తే బిరబిర చావవా?"

"కొంచెం బిరిన చస్తాయి. మందు ఎంత, సేపు ఎంత, రెండూ గుణించుకోవల్ల. ఇంకోటుండాది. పెండ్లి భోజనాల్లో పిలవనోళ్ళొచ్చి మొదటి పంక్తిలో కూర్చున్నట్టు, నీళ్ళల్లో ఉండే మురికి ముందు మందును తినేస్తాది. క్రిములకు అడుగూబొడుగూ మిగిలేది. ఆ మిగిలింది ఎంత, అది ఎట్లా తగ్గిపోతా వస్తాది, ఆలోపల ఎన్ని చస్తాయి, ఇదంతా కంప్యూటర్లో సూత్రంగా రాసినాను మా. సూత్రమేమో నూటికి తొంభైతొమ్మిది పైన చచ్చినాయంటాది. సీసాలు పట్టుకుపోయి చూస్తే లక్షల్లో బతికుంటాయి. యాడ తప్పో తెలవడం లేదు. మా సారు నా లెక్కే తప్పంటాడు."

ఆ మాట అన్నప్పుడు పిల్ల గొంతు సన్నబడింది. మునిలక్ష్మికి జాలి వేసింది. వేస్తే వెయ్యనీ, మాన్పించడానికి ఇదే మంచి అదను అని కూడా అనిపించింది. లెక్క తప్పయ్యే చదువు కోసం ఈ నరకంలో నిలబడడం దేనికి?

నందిని సంచిలోంచి ఎర్రటి రంగుపొడి తీసింది. దాన్ని నీళ్ళలో కలిపి తొట్టి మొదట్లో పోస్తుందట. రంగు నీళ్ళతోపాటు నడిచి ఎప్పుడు గొట్టం దగ్గరికి వస్తుందో చూస్తే, నీళ్ళు నిజంగా ఎంతసేపు తొట్టిలో ఉంటున్నాయో తెలుస్తుందట. కాగితాల ప్రకారం అర్ధగంట. "నువ్వు ఆ చివర గోడ మీద నిలబడు. ఎర్రగా కనిపిస్తానే అరువు. తొందరేం లేదు, ఓపిగ్గా చూడు."

మునిలక్ష్మి గోడ మీద నిలబడి కొంగు రెండు చుట్లు చుట్టుకుంది. కింద నీళ్ళు గొట్టంలోకి పడి, ఎత్తైన మట్టికట్టకు అవతల ఎక్కడో కాలవలోకి దూకుతున్నాయి. కట్ట మీద కంపచెట్లు దట్టంగా ఉండి అవతల ఏముందో కనిపించదు. అర్ధగంట ఈ నీళ్ళ మొహం చూస్తూ నిలబడితే మతి పోతుందని, కళ్ళు సగం మూసుకుని గోవిందనామాలు మొదలుపెట్టింది. ఇంత రోతలో, అసింకంలో నిలబడి స్వామి పేరెత్తడం తప్పే. ఎత్తకపోతే భయం.

నామాలు పావువంతు కూడా కాలేదు. కళ్ళు తెరిచేసరికి కాళ్ళ కింద నీళ్ళు నెత్తురు.

"మే! ఎర్రగొచ్చింది! వచ్చేసినాది!"

"ఉత్తదే, అప్పుడే రాదులే!"

"సూడుమే వచ్చి! నాకు కండ్లు లేవా?"

నందిని పరుగెత్తుకొచ్చింది. గడియారం చూసుకుంది, నీళ్ళు చూసింది, మళ్ళీ గడియారం చూసుకుంది. తర్వాత కర్ర తీసుకుని తొట్టి గోడ వెంట పొడుస్తూ పోయింది. రెండో అడ్డగోడ దగ్గర కర్ర అడుగున అవతలికి దూరిపోయింది. ఒక మనిషి దూరేంత సందు. ఆ తర్వాతి గోడకు కూడా. నీళ్ళు తిరగడం లేదు. సందుల్లోంచి అడ్డంగా దూసుకుని నేరుగా గొట్టంలో పడుతున్నాయి. మూలల్లో నీళ్ళు మాత్రం రంగు అంటకుండా కదలకుండా నిలబడి ఉన్నాయి.

"క్యూ దూకేస్తా ఉండాయి మా!" నందిని అక్కడే గోడ మీద చతికిలబడి నవ్వింది. ఈ మధ్య కాలంలో పిల్ల అంత నోరారా నవ్వడం మునిలక్ష్మి చూడలేదు. "నా లెక్క తప్పు కాదు! నేను పెట్టుకున్న సేపు తప్పు. మందు కలుస్తానే బయటికి పోతా ఉండాయి. చావవు. యాడ చస్తాయి?"

"మందు జాస్తిగానే ఏసినా గదా మేడమ్," అన్నాడు ఖలీల్ నొచ్చుకుని. "వాసన సూడండి కావాలంటే."

అంతలో కట్టకు అవతలినుంచి కేక లేచింది.

"ఎవురబ్బా అది! నీళ్ళల్లో కుంకం కలిపిండేది ఎవురు? నా సరుకంతా నెత్తురు మడుగైపాయనే! మీ చేతులిరగ!"

ఆ గొంతు మునిలక్ష్మికి తెలుసు. రోజూ సాయంత్రం తన వాకిట్లో వినిపించే గొంతు. కంపచెట్లకు కొంగు చిరిగితే చిరిగిందని కట్ట ఎక్కి తొంగిచూసింది.

గొట్టం నోటి దగ్గర, మోకాటిలోతు నీళ్ళలో, చీర పైకి దోపుకుని చెంగమ్మ నిలబడి ఉంది. రెండు చేతుల్లో కొత్తిమీర కట్టలు, వేళ్ళనుంచి ఎర్రటి నీళ్ళు కారుతున్నాయి. ఒడ్డున తడి బుట్ట, దాని నిండా కడిగిన పుదీనా, చిర్రాకు, కొత్తిమీర. నురుగులో తేలుతూ ఒక ముద్ద వచ్చి ఆమె మోకాలికి తగిలింది. చెంగమ్మ దాన్ని చేత్తో అవతలికి తోసి, అదే చేత్తో కట్టను మళ్ళీ నీళ్ళలో ముంచి జాడించింది.

"చెంగమ్మా?"

చెంగమ్మ తలెత్తి చూసింది. కోపం పోయి ఆశ్చర్యం వచ్చింది. "అక్కా! నువ్వేంది ఈడ? శనివారం గదా, తళిగెయ్యలేదా?"

"నిన్న నాకిచ్చిన కొత్తిమీర... ఈడ కడిగిందేనా?"

"ఈడ కాక యాడక్కా?" చెంగమ్మ గర్వంగా అంది. "మా ఊరోళ్ళు ఆ కింద కల్వర్టు కాడ కడుగుతారు. అసింకం పుట్టినోళ్ళు. ఆడ మందు వాసనే ఉండదు. నేనట్లా కాదు. దూరమైనా ఈ గొట్టం కాడికే వస్తా. ఈడైతే మందు గుప్పుమంటాది. ఇండ్లల్లో మీయట్లాంటోళ్ళకు ఇచ్చే సరుకు. నీట్‌గా ఉండొద్దా?"

వెనకాలే వచ్చిన నందిని ఆ మాట విని కట్ట మీద కూర్చుండిపోయింది. మెల్లగా చెప్పింది. "అక్కా, నువ్వు నిలబడిండే చోటే అన్నిటికంటే చెడ్డది. మందు ఇప్పుడే కలిసింది. వాసన గట్టిగా ఉండాది గానీ దాని పని ఇంకా కాలేదు. కల్వర్టు దాకా పోయేసరికి వాసన తగ్గుతాది, ఆలోపల క్రిములు గూడా కొంచెం తగ్గుతాయి."

"అంటే? కల్వర్టు కాడ కడిగే ఆ గబ్బుమొగాలు మంచోళ్ళు, దూరం నడిచొచ్చే నేను చెడ్డదాన్నా? బాగుండాదమ్మా నీ సదువు!"

"అదీ మంచిది కాదక్కా. పచ్చిగా తినే ఆకు ఈ నీళ్ళల్లో యాడా కడగగూడదు."

"మరి యాడ కడగల్ల? మా బోరింగు నీళ్ళు తాగేదానికే చాలవు. మీ ఇంట్లో తొట్టి కట్టిస్తావా నా ఆకుకు?"

మునిలక్ష్మికి ఆ మాటలేవీ చెవికెక్కడం లేదు. వడపప్పు కనిపిస్తోంది. పోయిన శనివారం, అంతకుముందు శనివారం, అరిటాకు మీద వడపప్పు, దాని మీద తను సన్నగా తుంచి చల్లిన పచ్చటి కొత్తిమీర. స్వామి ముందు పెట్టింది. కర్పూరం వెలిగించింది. తర్వాత అందరి చేతుల్లో ప్రసాదమని తనే పెట్టింది. మంచం మీద లేవలేని మొగుడికి ఊరిబిండి ముద్ద కలిపి నోట్లో పెట్టింది. వాసన చూసి మరీ కొన్నది. ఏరి మరీ ఆ కట్టలే కొన్నది.

"థూ! పాపిష్టిదానా!" అని అరిచింది. "ఊరి పీతిలో ముంచి మాకు తినిపించినావే!"

చెంగమ్మ మొహం మాడిపోయింది. కట్టలను బుట్టలోకి విసిరి, నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"ఊరి పీతంటే ఎవురిదక్కా? నాదా? మా ఊర్లో కక్కసులే లేవు, మేము కంపల్లోకి పోతాం. ఇది మీది. మీరు దొడ్లో నీళ్ళు పోసి పంపిస్తే నా కాళ్ళ కాడికి వచ్చింది. దాంట్లో నేను నిలబడిండా, మీరు ముక్కు మూసుకోనుండారు. మీది మీకే కట్టలు కట్టి ఇస్తా ఉండా. తీసుకునేటప్పుడు ఇంకో నాలుగాకులు కొసరెయ్యమనేది నువ్వే గదా!"

మునిలక్ష్మి కట్ట మీదే వంగి వాంతి చేసుకుంది. కడుపులో ఏమీ లేదు. పసుపుపచ్చటి చేదు మాత్రం తీగలు తీగలుగా వచ్చి కంపచెట్టు మీద వేలాడింది. మళ్ళీ వచ్చింది. పేగులు నోట్లోకి వస్తున్నాయనిపించింది. నందిని వీపు రాస్తోంది. చెంగమ్మ కోపం మరిచి గబగబా గట్టెక్కి, తన సీసా మూత తీసి అందించింది.

"తాగక్కా. పుక్కిలించు."

ఆ తడి చేతిలో ఉన్న సీసాను చూసి మునిలక్ష్మి పాముని చూసినట్టు వెనక్కి జరిగింది.

"ఇవి బోరింగు నీళ్ళే," అంది చెంగమ్మ. తర్వాత తన చేతిని చూసుకుంది. సీసా మూత పెట్టేసి దిగిపోయింది. రంగు అంటిన కట్టలు రెండు కాలవలోకి విసిరింది. మిగతా బుట్ట నెత్తికెత్తుకుంది.

"పోవద్దు చెంగమ్మా," అంది మునిలక్ష్మి. "ఈ పొద్దు అందరిండ్లల్లో తళిగలు... ఆ ఆకు ఇయ్యొద్దు ఎవురికీ. నీకు దండం పెడతా."

"నువ్వు కొనొద్దులే అక్కా. కాచుకోనుండేటోళ్ళు చానామంది ఉండారు. నిన్నటిదాకా నువ్వు ఉండినట్లే." చెంగమ్మ కాలవ గట్టు వెంట రోడ్డు వైపు నడిచింది. బుట్టలోంచి నీళ్ళు ఆమె భుజం మీద కారుతూనే ఉన్నాయి. రోడ్డు మీద ఆటో ఒకటి ఆగి ఆమెను ఎక్కించుకుంది.

ఏ వీధికి పోతుంది ఆ ఆటో? ఎన్ని వాకిళ్ళు? పసిబిడ్డలుండే ఇళ్ళు ఎన్ని, కడుపుతో ఉండేవాళ్ళు ఎందరు? పెళ్ళివిందులకు, హోటళ్ళకు కూడా వేస్తానని చెంగమ్మ ఒకసారి చెప్పింది. ఆ హోటళ్ళలో తినేది ఎవరు? మునిలక్ష్మికి ఇంతవరకు భయమంటే ఒక కూతురు, ఒక మొగుడు, ఒక గడప. ఆ గడప తోసుకుని భయం ఊరంతా పాకుతోంది. ఎక్కడ తుడవాలో, దేన్ని మరగబెట్టాలో తెలియడం లేదు.

"మీ నాయనకు... దాన్నుంచే వచ్చినాదా?" అంది.

"అట్లా నేను చెప్పలేను మా. ఆయన షెడ్డు కాడ ఏమేమో తింటాడు." నందిని తల్లి మూతి తుడిచింది. పిల్ల మొహంలో ఇందాకటి నవ్వు ఎక్కడా లేదు. "మా, నువ్వు ఇట్లా అయిపోతాంటే నా వల్ల కాదు. చెప్పినట్టే మానేస్తా. సోమవారం సారుకు చెప్పి వేరేది తీసుకుంటా. లెయ్యి, ఇంటికి పోదాం. తళిగకు పొద్దయితాంది."

మునిలక్ష్మి కోరుకున్న మాట అదే. ఆ మాట కోసమే వచ్చింది. లేచి కొంగు దులుపుకుని ఆటో ఎక్కితే అయిపోతుంది. ఇంట్లో ఆ కట్టలు పెంటలో పారేసి, పిండిదీపం వెలిగించుకోవచ్చు.

"ఖలీలూ," అని పిలిచింది. "గోడలకు బొక్కలుండాయని మీ పెద్దోళ్ళకు చెప్తే బాగుచేస్తారా?"

ఖలీల్ చేతులు తిప్పాడు. "వాసనొస్తాంది గదా అంటారమ్మా. నేనూ ఇందాకటిదాకా అదే గదా అనుకునింది."

ఆమె కూతురి వైపు తిరిగింది. "నువ్వు చెప్తే?"

"ఉత్త మాట ఎవరింటారు మా? ఎంత రంగు ఎప్పుడొచ్చింది, ఎన్ని బతికుండాయి, అన్నీ సీసాలతో సహా చూపించి, లెక్క కలిపి పెట్టల్ల. సత్రాలు, హోటళ్ళ నీళ్ళు మధ్యాహ్నం మీద ఇంకా జాస్తి వస్తాయి. అదీ పట్టుంటే కాదనేదానికి ఉండదు." నందిని డబ్బా మూత పెట్టబోయింది. "పోనీలే, పద."

"మధ్యాహ్నం దాకానా?"

"పొద్దు వాలేదాకా పట్టల్ల. వద్దులే మా."

మునిలక్ష్మి కొండ ఉన్న దిక్కుకు తిరిగి నిలబడింది. ఇరవై ఐదేళ్ళ కాపురంలో తళిగ ఒక్కసారి కూడా మధ్యాహ్నం దాటలేదు. అత్తగారు పోయిన ఏడు తప్ప. ఆమె పెదాలు కాసేపు కదిలాయి. స్వామికి ఏం చెప్పుకుందో ఏమో, కొంగు ముక్కు మీదినుంచి తీసి నడుముకు దోపుకుంది.

"సాయంత్రం ఏసుకుందాం. సామి కాచుకుంటాడు. మీ నాయనకు ఫోను చేసి చెప్పు, ఆ కొత్తిమీర ముట్టుకోవద్దని. వాకిట్లో గూడా పారెయ్యొద్దు, ఆవు తింటాది. ఆ సీసా ఇట్లియ్యి."

"మా, నువ్వొద్దు..."

"ఇయ్యిమే. నువ్వు జారి పడితే నేను సూడలేను. నేను దిగుతా."

నందిని సీసా ఇచ్చింది. అడుగున చిటికెడు తెల్లటి పొడి ఉంది. నీళ్ళు పడగానే బ్లీచింగును అది అక్కడికక్కడ ఆపేస్తుందట. ఆ క్షణానికి బతికి ఉన్నవి ఎన్నో అన్నీ లెక్కకు దొరుకుతాయట. "లోపల వేలు తగలకూడదు మా. గొంతుదాకా నింపొద్దు."

మునిలక్ష్మి చెప్పులు విడిచి, వాటిని కూడా కాపాడుకోవాలన్నట్టు గట్టు మీద పెట్టి, ఇందాక చెంగమ్మ నిలబడిన చోటికి దిగింది. వెచ్చగా ఉన్నాయి నీళ్ళు. అది అన్నిటికంటే రోత. మనిషి ఒంట్లోంచి ఇప్పుడే వచ్చినంత వెచ్చగా. కాలివేళ్ళ మధ్య జిగటగా ఏదో దూరింది. ఏమిటని వంగి చూడలేదు. సీసా గొట్టం కింద పెట్టింది. మణికట్టు మీదుగా, గాజుల మీదుగా ఇంకా ఎరుపు వదలని మురుగు కారింది. కూతురికి సీసా అందించింది. గొంతుదాకా వచ్చిన చేదును ఈసారి బయటికి రానీయకుండా మింగేసి, "ఇంకోటియ్యి," అంది.